విడిగా కొంటే వాళ్ల ధర, కలిసి కొంటే మన ధర

తెల్లారక ముందే నాచారం చౌరస్తాలో నిలబడి చూడండి. మల్లాపూర్ దిక్కు నుంచి ఒక ఆటో, హెచ్ఎంటీ నగర్ నుంచి ఒక ఆటో, చిలకానగర్ నుంచి ఇంకొకటి. అన్నీ పోయేది ఒక్క దిక్కుకే. ఉల్లిగడ్డకు, మిరపకాయకు మలక్‌పేట గంజికి. మసాలాకు, పప్పులకు బేగంబజారుకు. ప్రతి ఆటోలో ఒక హోటల్ ఓనరు, చేతిలో నాలుగు సంచులు, జేబులో నిన్నటి గల్లా పైసలు. అందరూ అదే ఉల్లిగడ్డ కొంటారు, అదే నూనె డబ్బా కొంటారు, అదే దారిన తిరిగొస్తారు. కానీ ఎవరి కిరాయి వారిదే, ఎవరి బేరం వారిదే, ఎవరి నష్టం వారిదే. ఎవరికి వారే యమునా తీరే!

ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం ఈఎస్ఐ దవాఖాన దాకా, ఇటు హబ్సిగూడ నుంచి అటు బోడుప్పల్ దాకా ఉన్న చిన్న హోటళ్లు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, మెస్సులను అడిగి చూడండి. ఒక్కొక్కరు ఒక్కో ధరకు కొంటున్నారు. నూనె డబ్బా అదే, దుకాణం అదే, రోజూ అదే. ధర మాత్రం మనిషిని బట్టి మారుతుంది. నగదు ఇచ్చేవానికి ఒక రేటు, ఉద్దెర తీసుకునేవానికి ఒక రేటు, బాకీ పేరుకుపోయి నోరెత్తలేనివానికి మరో రేటు. దీన్ని వ్యాపారం అంటారా? మేము దోపిడీ అంటాం.

ధర ఎవరు నిర్ణయిస్తున్నారు?

హోటల్ ఓనర్లు మాకు చెప్పే మొదటి మాట, "ఏం జేస్తం సార్, రేట్లు పెరిగినయ్" అని. నిజమే. రేట్లు పెరగలేదని ఎవడన్నాడు? 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే ఉప్పల్‌లో పొద్దుతిరుగుడు నూనె మండింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేస్తే మిర్చి బజ్జీ బండి మీద పిడుగు పడింది. 2023 జూలైలో టమాట కిలో వంద రూపాయలు దాటింది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. పెంచిన మరునాడే డీలరు కొత్త రేటు చెప్పాడు. పాత సరుకు గోదాంలో ఉన్నా కొత్త రేటే! 2025 మే 30న ఆ సుంకాన్ని కొంత తగ్గించారు. తగ్గిన రేటు మాత్రం డబ్బా మీదికి అంత తొందరగా దిగిందా? మీ పాత బిల్లులు తీసి మీరే చూసుకోండి.

కమర్షియల్ గ్యాస్ సంగతి ఇంకా ఘోరం. 19 కిలోల సిలిండర్ ధర ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది. ఇంటి సిలిండర్ ధర పెంచితే ప్రతిపక్షాలు రోడ్డెక్కుతాయి. హోటల్ సిలిండర్ ధర పెంచితే అడిగే నాథుడు లేడు. ఆ భారం ఎవరి మీద పడుతుంది? రూములో వంట చేసుకునే వీలులేక మెస్సులో తినే విద్యార్థి మీద, డ్యూటీకి పోతూ రెండు ఇడ్లీలు తినే ఉద్యోగి మీద, ఐడీఏలో షిఫ్టు దిగి ప్లేటు అన్నం కోసం వచ్చే కార్మికుని మీద.

దీనికి పన్ను తోడు. 2017 నవంబర్ 15 నుంచి రెస్టారెంట్ల మీద జీఎస్టీని 5 శాతానికి తగ్గించామని గొప్పగా చెప్పారు. కానీ అదే చేత్తో ఇన్‌పుట్ క్రెడిట్ తీసేశారు. అంటే హోటలాయన గ్యాసు మీద, నూనె మీద, డబ్బాల మీద కట్టిన పన్ను వాపసు రాదు. అది ఖర్చులో కలిసిపోతుంది. కనుక కొనేకాడ ఒక్క రూపాయి ఎక్కువ కడితే ఆ రూపాయి మీద పన్ను కూడా మునిగినట్టే. చిన్న హోటల్ బతికేది, చచ్చేది అమ్మేకాడ కాదు, కొనేకాడ!

లెక్క చూద్దాం

ఉపన్యాసం వద్దు, లెక్క చెప్పమంటారా? చెబుతాం. ఇది ఏ సర్వే లెక్కా కాదు, కాగితం మీద వేసుకున్న ఉదాహరణ. మీ హోటల్ అంకెలు పెట్టుకుని మీరే సరిచూసుకోండి.

ఇరవై హోటళ్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో హోటల్ రోజుకు 50 కిలోల బియ్యం వండుతుంది. విడిగా చూస్తే అది రెండు బస్తాల గిరాకి. మిల్లువాడు ఫోన్ కూడా ఎత్తడు. కలిపి చూస్తే రోజుకు ఒక టన్ను, నెలకు 30 టన్నులు. లారీల లెక్క! అప్పుడు మిల్లువాడే మన దగ్గరికి వస్తాడు. కిలోకు రెండు రూపాయలు తగ్గితే ఒక్కో హోటల్‌కు నెలకు 3,000 రూపాయలు. నెలకు 12 నూనె డబ్బాల మీద డబ్బాకు 50 తగ్గితే 600. నెలకు 30 సిలిండర్ల మీద సిలిండర్‌కు 50 డిస్కౌంటు వస్తే 1,500. మొత్తం నెలకు 5,100. ఏడాదికి 61,200 రూపాయలు. ఆటో కిరాయి, పప్పు, ఉల్లిగడ్డ, ప్యాకింగ్ డబ్బాలు ఇందులో కలపనే లేదు. ఈ అరవై వేలు ఎవని పాలవుతున్నాయి? మీ చెమట పైసలు మీ గల్లాలో ఎందుకు లేవు?

ఇంకొక చిన్న సంగతి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. అంతకు మించిన బస్తాకు అది లేదు. పెద్ద బస్తా కొనగలిగినవాడికి పన్ను లేదు, చిన్న బస్తా కొనేవాడికి పన్ను! చట్టం కూడా పెద్ద చేతుల దిక్కే చూస్తుంది. చిన్న చేతులన్నీ కలిస్తే పెద్ద చెయ్యి కాదా?

మీరు కలపకపోతే వాడు కలుపుతాడు

కలిసి కొనుడు మన హోటలోళ్లకు కొత్తగావచ్చు, పెద్ద కంపెనీలకు కొత్త కాదు. అమెరికాలో కేఎఫ్‌సీ దుకాణాలు నడిపే ఫ్రాంచైజీ ఓనర్లు 1978లోనే ఉమ్మడి కొనుగోళ్ల సహకార సంఘం పెట్టుకున్నారు. సబ్‌వే ఓనర్లు 1996లో పెట్టుకున్నారు. కోడి ముక్క, రొట్టె, పేపర్ కప్పు అన్నీ కలిసే కొంటారు. కోట్లున్నోడు సంఘం పెట్టుకుంటే తెలివి, అప్పులున్నోడు సంఘం పెట్టుకుంటే పనిలేని ముచ్చటనా?

ఇక మన కళ్ల ముందు జరుగుతున్నది చూడండి. జొమాటో మొదట మన గిరాకీని తన ఫోన్లోకి గుంజుకుంది. ప్రతి ఆర్డర్ మీద కమిషన్ తీసుకుంది. 2019 ఆగస్టులో డిస్కౌంట్ల భారం మోయలేక దేశవ్యాప్తంగా వందలాది రెస్టారెంట్లు 'లాగౌట్' ఉద్యమం చేశాయి. రెస్టారెంట్ల జాతీయ సంఘం ఫిర్యాదు మీద 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ జొమాటో, స్విగ్గీల మీద విచారణకు ఆదేశించింది. ఇది అమ్మే దిక్కు కథ. మరి కొనే దిక్కు? అదే జొమాటో 'హైపర్‌ప్యూర్' పేరుతో హోటళ్లకు కూరగాయలు, మాంసం, సరుకులు సప్లై చేస్తున్నది. అంటే ఏమిటి? విడివిడిగా ఉన్న హోటళ్ల కొనుగోళ్లను కలిపి రైతు దగ్గర, మిల్లు దగ్గర బేరమాడుతున్నది. మనం చెయ్యాల్సిన పని వాడు చేస్తున్నాడు. లాభం మాత్రం మన సంఘానికి కాదు, వాని షేరుదారులకు పోతుంది. అమ్మకం వాని చేతిలో, కొనుగోలు వాని చేతిలో ఉంటే ఇక మీ హోటల్ బోర్డు మీద మీ పేరెందుకు?

దారి మన పక్కనే ఉంది

ఉప్పల్ రింగురోడ్డులో వరంగల్ బస్సెక్కి హన్మకొండ దాటి పోతే ములుకనూరు వస్తుంది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి నాయకత్వంలో అక్కడి రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. ఎరువులు, విత్తనాలు కలిసి తెచ్చుకున్నారు, పంట కలిసి అమ్ముకున్నారు, రైస్ మిల్లు తామే పెట్టుకున్నారు. ఆ ప్రాంతపు ఆడబిడ్డలు 2000లో పాల డెయిరీ పెట్టి 'స్వకృషి' పేరుతో పాలు అమ్మారు. అక్షరం ముక్క రాని తల్లులు కూడా సభ్యులై డెయిరీ నడుపుకుంటుంటే, ఇరవై ఏండ్లుగా హోటల్ నడిపిన అన్నలకు ఒక నూనె లారీ దించుకోవడం చేతకాదా?

హోటల్ రంగంలోనే ఉదాహరణ కావాలా? కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేసి కార్మికులను రోడ్డున పడేసినప్పుడు, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో 1957-58లో సర్వర్లే సంఘాలు కట్టి ఇండియన్ కాఫీ హౌస్‌లు తెరిచారు. ఇంకా వెనక్కు పోతే, 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది పిండి, వెన్న, చక్కెర కలిసి కొనుక్కునేందుకు దుకాణం పెట్టారు. ప్రపంచ సహకార ఉద్యమం ఆ చిన్న దుకాణం నుంచే నడక నేర్చుకుంది.

అంత దూరం ఎందుకు? తెలంగాణ ఉద్యమంలో రోడ్ల మీద వంటా వార్పు చేసిన రోజులు మరిచారా? ఒకరు బియ్యం, ఒకరు పప్పు, ఒకరు కట్టెలు. వందల మందికి బువ్వ. మేమూ ఆ బంతుల్లో కూచుని తిన్నవాళ్లమే. అప్పుడు ఈ హోటలోళ్లే గంజులు, గరిటెలు ఇచ్చారు. పోరాటానికి కలిసిన చేతులు పొట్టకూటికి ఎందుకు కలవవు?

'కాదు' అనేవాళ్లకు జవాబు

మేము అడిగితే అన్నలు చెప్పే అడ్డంకులు మూడు.

ఒకటి, "సేటు దగ్గర ఉద్దెర ఉంది, యాడికి పోతం?" ఇదే అసలు సంకెల. ఉద్దెర ఉచితం కాదు, దాని వడ్డీ డబ్బా ధరలోనే ఉంది. అందుకే ఒక్కసారిగా తెంపుకోమని మేము చెప్పడం లేదు. పాత బాకీ వాయిదాల మీద కట్టుకుంటూ, ఒక్క సరుకు మాత్రం సంఘంలో నగదుకు కొనండి. మిగిలిన పైసలే బాకీ తీర్చడానికి పనికొస్తాయి. సేటు మీద మాకు పగ లేదు. వాని బలం వాని గోదాంలో లేదు, మన చీలికలో ఉంది.

రెండు, "ఎవని రుచి వానిది." నిజమే. ఒకనికి బీపీటీ కావాలి, ఒకనికి బాస్మతి కావాలి. మసాలా రహస్యం మీ దగ్గరే ఉంచుకోండి, ఎవడడిగాడు? గ్యాసుకు రుచి ఉందా? చక్కెరకు, ఉప్పుకు, పార్సిల్ డబ్బాకు రహస్యం ఉందా? అందరికీ ఒక్కటే అయిన సరుకులతో మొదలుపెట్టండి.

మూడు, "పైసలు మింగేస్తే?" ఈ భయానికి కారణం ఉంది. మునిగిన చిట్టీలు చూసినవాళ్లం మనం. అందుకే మొదటి మూడు నెలలు ఎవరి చేతికీ పైసలు ఇవ్వొద్దు. ధర మాత్రమే కలిసి మాట్లాడండి. బిల్లు ఎవరి పేరున వాళ్లకే, చెల్లింపు నేరుగా డీలరుకే. పది మంది గిరాకీ ఒక కాగితం మీద రాసి కనీసం ముగ్గురు డీలర్ల దగ్గర రాతపూర్వకంగా రేటు తీసుకోండి. దించేకాడ సొంత కాంటా పెట్టండి. సరుకు మచ్చు ఒకటి సీలు వేసి దాచండి. రేటు మాట్లాడే బాధ్యత ఇద్దరికి ఇవ్వండి, మూడు నెలలకోసారి మార్చండి. వాళ్లు డీలరు దగ్గర కమిషన్ తీసుకున్నారని తేలితే సంఘం నుంచి వెళ్లగొట్టండి. నమ్మకం కుదిరాక 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ చేసుకోండి. ఆ చట్టంలో ప్రభుత్వ వాటా ఉండదు. సంఘం పేరున సరుకు కొని అమ్మితే జీఎస్టీ లెక్కలు, ఏటా ఆడిట్ తప్పవు. వాటికి వెరవొద్దు.

అగ్గువ అంటే నాసిరకం కాదు

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు పట్టిన దారి మాకు తెలుసు. మరిగిన నూనెనే మళ్లీ మరిగించుడు, కమర్షియల్ సిలిండర్ బదులు ఇంటి సిలిండర్ దొంగచాటుగా వాడుడు. 2024లో హైదరాబాద్ హోటళ్ల మీద జరిగిన ఫుడ్ సేఫ్టీ తనిఖీల్లో కాలం చెల్లిన సరుకులు బయటపడ్డ సంగతి అందరూ పేపర్లలో చూశారు. నూనెలో పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే పారబోయాలని 2018 జూలై 1 నుంచే నిబంధన ఉంది. మన పిల్లల కడుపులో విషం పోసి మిగిల్చుకునే పైసలు మాకొద్దు. కలిసి కొనుడు ఆ పాపానికి మందు. మంచి నూనె అగ్గువకు దొరికితే చెడ్డ నూనె పట్టుకుని వేలాడే పని లేదు.

మరో మాట కూడా కటువుగానే చెబుతాం. మిగిలిన పైసలన్నీ ఓనరు జేబులోకే పోతే ఈ రాత రాయాల్సిన పని మాకు లేదు. పొద్దున నాలుగింటికి పొయ్యి అంటించే మాస్టర్ ఉన్నాడు, ఎంగిలి ప్లేట్లు కడిగే అక్క ఉంది, ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన పిల్లగాండ్లు ఉన్నారు. మిగులులో ఒక వంతు వాళ్ల జీతంలో కనబడాలి, ఒక వంతు ప్లేటు ధర పెరగకుండా ఆపాలి, మిగతాది ఓనరు తీసుకోవాలి. సేటు దోపిడీని తిట్టి తానే చిన్న సేటు అయ్యే సంఘం మాకు అక్కరలేదు.

విద్యార్థి సోదరులారా, ఉద్యోగ మిత్రులారా! ఇది హోటలోళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. మీ గల్లీ మెస్సు మూతపడితే రేపు అదే జాగాలో వచ్చే గొలుసు దుకాణం మీకు నెల ఖాతా పెట్టదు, పరీక్షల నెలలో పైసలు లేవంటే "తిను బిడ్డా, తర్వాత ఇద్దువు" అనదు. మీరు తినే హోటలాయనను ఈ వారమే అడగండి. "అన్నా, నూనె ఎంతకు కొంటున్నవ్? పక్క హోటలాయన ఎంతకు కొంటున్నడు?" లెక్కలు రాయడం మీకు వచ్చు, ఆ కాగితం మీరు రాసి పెట్టండి.

హోటల్ అన్నలారా! ఉప్పల్‌లో పది మంది, నాచారంలో పది మంది. ఒక ఆదివారం మధ్యాహ్నం, గిరాకి సల్లబడ్డాక, ఎవరో ఒకరి హోటల్లో కూచుని చాయ్ తాగండి. పోయిన నెల నూనె బిల్లులు బల్ల మీద పెట్టండి. పక్కపక్కన పెట్టి చూసుకుంటే మిమ్మల్ని ఎవడు ముంచుతున్నాడో మేము చెప్పనక్కరలేదు.

విడిగా ఉన్నన్నాళ్లు వాళ్ల ధర. కలిసిన నాడు మన ధర. తేల్చుకోవాల్సింది మీరే!