కంచం వేరు చేయనక్కరలేదు

ఒక యువకుడు రక్తదానం చేశాడనుకోండి. ఆ రక్తాన్ని పరీక్షించిన తరువాత, "మీకు హెపటైటిస్-బి ఉంది, డాక్టరుకు చూపించుకోండి" అని అతనికి కబురు వస్తుంది. అతనికి జ్వరం లేదు, కళ్ళు పచ్చబడలేదు. రోజూ పనికి పోతూనే ఉన్నాడు. మరి జబ్బెక్కడిది? ఈ వైరస్ కాలేయంలో ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉండగలదు. అందుకే చాలామందికి తమ జబ్బు సంగతి ఇలా అనుకోకుండానే తెలుస్తుంది.

ఆ క్షణం నుంచి అతనికి రెండు బాధలు. ఒకటి, బతుకుతానా అన్న భయం. రెండోది, మనం పెట్టేది. "ఏం తప్పు చేశాడో" అని గుసగుసలు మొదలవుతాయి. ఇంట్లో కంచం, గ్లాసు వేరుచేస్తారు. కుదిరిన పెళ్ళి కూడా ఆగిపోవచ్చు.

ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఎందుకో చూడండి. ఈ వైరస్ రక్తం ద్వారా, శుభ్రం చేయని సూదుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. పుట్టినప్పుడు సోకితే 100 మందిలో సుమారు 90 మందికి అది దీర్ఘవ్యాధిగా మారుతుంది. పెద్దయ్యాక సోకితే 100 మందిలో 5 మందికి కూడా అలా కాదు. పసిబిడ్డ చేసిన తప్పేమిటి? పెద్దయ్యాక సోకినా అది జబ్బే గాని నేరం కాదు గదా!

"జాగ్రత్త మంచిదే" అని పెద్దలు అనవచ్చు. నిజమే. నీటి ద్వారా, ఆహారం ద్వారా వచ్చే కామెర్లు కూడా ఉన్నాయి. ఈ భయం అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. కాని హెపటైటిస్-బి కలిసి తింటే రాదు, చేయి కలిపితే రాదు. వేరుగా ఉంచవలసినవి బ్లేడు, సూది, పళ్ళ బ్రష్షు. ఇంట్లోవారు పరీక్ష చేయించుకుని, అవసరమైనవారు టీకా వేయించుకోవాలి.

ఈ వైరస్ జాడ కనిపెట్టి, టీకాకు దారిచూపిన బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి లభించింది. ఆయన పుట్టినరోజైన జులై 28నే ప్రపంచ హెపటైటిస్ దినం జరుపుతున్నారు. మందులు వైరస్‌ను చాలావరకు అదుపులో ఉంచుతాయి. మనదేశంలో ఉచిత పరీక్షలు, మందులు అందించే జాతీయ కార్యక్రమం 2018లో మొదలయింది. పసరు మందుతో కాలం వృథా చేయరాదు.

రోగికి వైద్యం డాక్టరు చేస్తారు. కంచాలు కలిపే ఉంచమని ఇంట్లో చెప్పే పని మాత్రం మీరు చేయగలరు.