ప్రతి గదికీ ఒక హక్కుంది

నంద్యాలలో ఎవరైనా "కొత్త ఇల్లు కట్టుకున్నాం, దావత్‌కు రండి" అని పిలిస్తే, పోకముందే ఆ ఇల్లు లోపల ఎట్లుంటుందో చెప్పేయొచ్చు. హాల్లో ఫాల్స్ సీలింగ్, దాని అంచుల్లో దాచిపెట్టిన నీలం లైట్లు, టీవీ వెనక పాలరాయి మాదిరి కనిపించే ప్లాస్టిక్ షీటు, దానిమీద బంగారు అక్షరాల్లో ఆయతుల్ కుర్సీ. ఆళ్లగడ్డకు పోయినా అదే హాలు, అదే షీటు, అవే లైట్లు. రెండూళ్ల మధ్య నలభై కిలోమీటర్ల రోడ్డుంది కానీ ఇళ్ల మధ్య మాత్రం ఫరఖ్ లేకుండా పోయింది. అందరికీ ఉస్తాద్ ఒక్కటే: ఫోను. పింటరెస్ట్‌లో ఒక ఫొటో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీలు, అది మేస్త్రీకి చూపించి "ఇట్లా చెయ్యి భాయ్" అనడం.

ఇల్లు అలంకరించుకోవద్దని నేను అనను. మంచి బట్టలు, మంచి చెప్పులు వేసుకోవాలన్న ఇష్టం గర్వం కిందికి వస్తుందా అని ఒక సహాబీ అడిగితే, ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం రాదన్నారు. అల్లాహ్‌కు అందమంటే ఇష్టమని, సత్యాన్ని తోసిపుచ్చడమూ మనుషుల్ని చిన్నచూపు చూడడమే గర్వమని వివరించారు. సహీ ముస్లింలో ఉన్న మాట ఇది. కాబట్టి జీనత్ మనకు హరామేమీ కాదు. నా పేచీ అంతా ఒక్క సవాలు దగ్గరే. ఇల్లు చేయించేటప్పుడు మనం "ఈ గది ఎట్లా కనిపించాలి?" అని అడుగుతున్నాం. అంతకంటే ముందు "ఈ గదిలో ఉండేది ఎవరు? వాళ్ల హక్కేంది?" అని అడగాలి. 'హక్కు' అన్న తెలుగు మాట మన 'హఖ్' నుంచి వచ్చిందే. మనిషికి ఉన్నట్టే గదికీ ఒక హక్కుంది. ఆ హక్కు తీర్చిన తర్వాత మిగిలిందే సజావట్.

హాలు సంగతి చూద్దాం. దీవాన్‌ఖానా మీద హక్కు మెహమాన్‌ది. ఇప్పటి హాల్లో పెద్ద సోఫా సెట్టు వేస్తే నిండిపోతుంది. ఏడుగురు కూర్చుంటారు, ఎనిమిదో మనిషి వస్తే ప్లాస్టిక్ కుర్చీ వెతకాలి. కానీ మన ఇళ్లల్లో సందర్భాలు ఏడుగురితో అయ్యేవా? నిస్బత్, అఖీఖా, ఖురాన్ ఖ్వానీ, ఇఫ్తార్, చివరికి మయ్యత్ కూడా హాల్లోనే జరుగుతుంది. అప్పుడు ఆ సోఫాను నలుగురు మోసి బయట పెట్టాలి. పాతకాలం పెద్దలు ఒక తఖ్త్, గోడ పొడుగూతా దరీ, నాలుగు గావ్‌తకియాలు ఉంచేవాళ్లు. అదే జాగాలో ముప్పై మంది కూర్చునేవాళ్లు, దస్తర్‌ఖాన్ పరిస్తే అక్కడే అందరూ తినేవాళ్లు. సోఫా వద్దనడం లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అది కావాల్సిందే. చిన్న సోఫా ఒక పక్కన ఉంచి, మిగిలిన నేల దరీకి వదలండి. వరంగల్ దరీలకు జీఐ గుర్తింపు కూడా ఉంది. ఉతకొచ్చు, ఎండేయొచ్చు, చుట్టి మూలన పెట్టొచ్చు.

ఇంక నేల. నంద్యాల జిల్లాలో ఉంటూ నేలకోసం వేరే రాష్ట్రం టైల్స్ కేటలాగు తిరగేయడం నాకు అజీబ్‌గా అనిపిస్తుంది. బేతంచెర్ల నాపరాయి మన పక్కనే ఉంది. బూడిద రంగు, గోధుమ రంగు, లేత పచ్చ, ఒక బండలో ఉన్న రంగు ఇంకో బండలో ఉండదు. మే నెలలో ఊరంతా పెనం మాదిరి కాలుతున్నప్పుడు పాలిష్ పట్టిన నాపరాయి మీద పడుకుంటే ఎంత సుకూనో మన ఇళ్లల్లో పెరిగిన పిల్లలకు చెప్పనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: అది సున్నపురాయి. నిమ్మరసం, చింతపండు, బాత్రూం కడిగే యాసిడ్ పడితే పాలిష్ పోయి మచ్చ పడుతుంది. అందుకే వంటగట్టుకు గ్రానైట్ వేసుకోండి, నేలకు నాపరాయి వేసుకోండి, తుడిచే నీళ్లల్లో యాసిడ్ కలపొద్దు.

బావర్చీఖానా మీద హక్కు అమ్మీది. ఫొటోల్లో కనిపించే వంటిల్లు ఎర్రటి అల్మారాలతో మెరిసిపోతుంటుంది, కానీ ఆ ఫొటోలో ఎవరూ వంట చెయ్యరు. మన వంటింట్లో ఈద్ రోజు బిర్యానీ దేగ్చీ దిగుతుంది, మసాలా పొగ లేస్తుంది, బగారా తాళింపు ఘాటు గొంతు పట్టుకుంటుంది. కాబట్టి ముందు కావాల్సింది పెద్ద కిటికీ, అల్మారా రంగు తర్వాత. వంటగట్టు ఎత్తు ఆ ఇంట్లో వంట చేసే మనిషి మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందగా ఉండాలి. మేస్త్రీ అందరిళ్లల్లో ఒకే కొలత వేస్తాడు, పొట్టి ఆడమనిషి జిందగీ అంతా భుజాలు పైకెత్తి రొట్టెలు వత్తుతుంది. మేస్త్రీ టేపు తీసినప్పుడు ఆమెను పిలిచి నిలబెట్టి కొలవండి. దానికి పైసా ఖర్చు లేదు.

పడకగదిలో పరదా, పరుపు ముఖ్యం. కలంకారీ అన్న పేరే ఫార్సీ మాట: ఖలం, కారీ. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో, ఎక్కువగా చెట్ల రంగులతో ఆ బట్ట అద్దుతారు. గోల్కొండ నవాబుల కాలం నుంచి ఇరాన్ వ్యాపారుల పసంద్‌కు తగ్గట్టు పూలు, తీగలు, జీవన వృక్షం నమూనాలు అందులో పెరిగాయి. బొమ్మల్లేని బట్ట కావాలనుకునే మన ఇళ్లకు ఇంతకంటే తగినదేముంది? పరుపు సంగతికొస్తే, దూదేకుల అన్న పేరులోనే దూది ఏకడం ఉంది. నూర్‌బాషా సోదరులు తరతరాలుగా బతికిన హునర్ అది. దూది పరుపు గట్టిపడితే విప్పి ఎండబెట్టి, మళ్లీ ఏకించి కుట్టించుకోవచ్చు. ఫోము పరుపు దిగబడితే పారేయడమే. పత్తి పండే నేలమీద పుట్టి, పత్తి ఏకే బిరాదరీని పక్కన పెట్టుకుని, ప్లాస్టిక్ నురగ మీద చెమటలు కక్కుతూ పడుకోవడం ఏం తరక్కీ?

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోతున్నది పెద్దవాళ్ల గదిని. ఆళ్లగడ్డలో మా దగ్గరి చుట్టాలింట్లో బిడ్డకు నిస్బత్ కుదిరింది. పెళ్లికొడుకు తరఫువాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తారని వడ్డీకి అప్పు తెచ్చి హాలుకు ఫాల్స్ సీలింగ్, టీవీ గోడ, షాండ్లియర్ పెట్టించారు. చూసినవాళ్లంతా వాహ్ వాహ్ అన్నారు. ఆ ఇంట్లోనే నానీమా స్టోర్ రూం పక్కన కిటికీ లేని గదిలో పడుకుంటుంది. రాత్రి గుసల్‌ఖానాకు పోవాలంటే గోడ తడుముకుంటూ పోతుంది. ఆ గోడకు కిటికీ కొట్టడం మేస్త్రీకి రెండు రోజుల పని. మంచం మీదనుంచి చెయ్యి చాచితే అందేటట్టు ఒక స్విచ్చు, గుసల్‌ఖానాలో పాలిష్ పట్టని గరుకు బండలు, గోడకు ఒక పట్టుకమ్మి. ఇవన్నీ కలిపినా షాండ్లియర్ ఖరీదు కాదు. అయినా ఆ ఇంట్లో ఎవరినీ నేను దోషులనను. పెళ్లివాళ్లు నానీమా గది చూడరు, హాలు చూస్తారు. ఇల్లు చూసి బిడ్డ ఇజ్జత్ కొలిచే ఈ రివాజే అసలు బీమారీ. సూద్ కట్టే అప్పుతో గోడలు మెరిపించి, ఆ గోడల మీదే ఆయత్ వేలాడదీయడం ఏం న్యాయమో మనకు మనమే జవాబు చెప్పుకోవాలి.

ప్రవక్త ఒకసారి సఫర్ నుంచి తిరిగొచ్చేసరికి హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్‌హా ఇంట్లో ఒక బొమ్మల పరదా వేలాడుతోంది. ఆయన దాన్ని లాగేశారు. రాళ్లకూ మట్టికీ బట్టలు తొడగమని అల్లాహ్ మనకు హుకుం ఇవ్వలేదన్న భావం ఆ హదీసులో ఉంది. ఆయిషా ఆ బట్టను పారేయలేదు, కోసి దిండ్లు కుట్టారు. ఆ హదీసులో ఉలమా చూసే మసాయిల్ వేరే ఉన్నాయి. నాకు మాత్రం దిండ్ల ముచ్చట చాలా ఇష్టం. గోడకు దక్కిన బట్ట మనిషి తలకిందికి వచ్చింది.

నమాజు జాగా గురించి కూడా చెప్పాలి. మన నంద్యాల నుంచి ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. అంటే పడమటి గోడ మన ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన గోడ. ప్లాను గీసేటప్పుడు ఎవరూ ఈ సంగతి ఇంజనీరుకు చెప్పరు. తీరా చూస్తే టీవీ ఆ గోడకే వస్తుంది, లేకపోతే పెద్ద అద్దమున్న బీరువా వస్తుంది. సజ్దా నుంచి లేస్తే ఎదురుగా మన మొహమే కనిపిస్తుంది. ఏదో ఒక గదిలో పడమటి గోడ మూడడుగులు ఖాళీగా వదలండి. అక్కడ ఒక తాఖ్, అంటే గోడలో గూడు పెట్టించుకుంటే ఖురాన్, రెహల్, తస్బీహ్ అందులో ఉంటాయి. రాయలసీమ పాత మట్టిమిద్దెల మందపు గోడల్లో ఈ గూళ్లు ఉండేవి, పైన చౌడుమట్టి కప్పు, మధ్యలో వెలుగు దిగడానికి గవాక్షి ఉండేది. ఆ ఇళ్లు ఒక్క బొమ్మ లేకుండా అందంగా ఉండేవి. గూటికి చుట్టూ రాతి చట్రం కావాలంటే ఆళ్లగడ్డ శిల్పులున్నారు. ఆళ్లగడ్డ రాతి చెక్కడానికీ జీఐ గుర్తింపుంది. వాళ్లు గుడి విగ్రహాలు చెక్కేవాళ్లు కదా, మనకేం పని అనుకోవద్దు. ఆ ఉలికి తీగలు, పూలు, జాలీ కూడా చేతనవును. కారీగర్‌కు కావాల్సింది పని, అడిగి చూడండి.

వజూ చేసే జాగా కూడా అంతే. ముసలివాళ్లు వాష్ బేసిన్‌లోకి కాలెత్తి కడగలేరు. కిందగా ఒక కొళాయి, కూర్చోడానికి ఒక రాతి పీట ఉంటే చాలు. ఇది ఏ రీలులోనూ కనిపించదు, ఎందుకంటే ఆ రీళ్లు తీసేవాళ్లకు వజూ అవసరం లేదు.

జవాన్ పిల్లలు అడుగుతారు, "మరి ఫోను చూడొద్దా? పాతకాలంలోకి పొమ్మంటారా?" అని. చూడండి బేటా, కానీ ఆ ఫొటో ఏ దేశం ఎండలో తీసిందో కూడా చూడండి. గోడంతా అద్దాలున్న ఇల్లు చలిదేశంలో ఎండకోసం కట్టుకున్నది, అది మన ఊర్లో భట్టీ అవుతుంది. వేడి దేశాలవాళ్లు ఏం చేశారో వెతకండి. ఈజిప్టులో హసన్ ఫత్హీ అనే ఆర్కిటెక్ట్ 1940ల్లో లక్సర్ దగ్గర గుర్నా అనే ఊరిని మట్టి ఇటుకలతో, గుమ్మటాలతో కట్టాడు. కైరో పాత ఇళ్లల్లో మష్రబియా అని చెక్క జాలీ కిటికీలుంటాయి, వాటిలో మట్టి కూజాలు పెడితే గాలి చల్లబడి లోపలికొస్తుంది. పరదా ఉంటుంది, గాలీ ఆగదు. మన చిల్‌మన్, తడిపిన వట్టివేరు తడికలు చేసే పనీ అదే. ఫాల్స్ సీలింగ్ కూడా పైఅంతస్తులో కప్పు వేడిని కొంచెం ఆపుతుంది, ఆ ఫాయిదా నిజమే. కానీ పైన ఇంకో అంతస్తున్న హాలుకు దానివల్ల వచ్చేది లైట్ల ముచ్చటే. కప్పు వేడి తగ్గాలంటే ముందు మిద్దె మీద తెల్లసున్నం కొట్టించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని ఒక విధానమే తెచ్చింది, అందులో ఉన్న అసలు సూత్రం ఇదే: తెల్లటి కప్పు ఎండను తిప్పి కొడుతుంది.

రంజాన్ ముందు మన ఇళ్లల్లో సున్నాలు, రంగులు మొదలవుతాయి. ఈసారి పెయింటు షాపుకు పోయేముందు ఒక పని చెయ్యండి. ఇంట్లో ఉన్న ప్రతి మనిషినీ, నానీమా నుంచి చిన్నపిల్ల దాకా, "నీకు ఈ ఇంట్లో ఏం తక్లీఫ్ ఉంది?" అని అడగండి. ఒకరు వెలుగు లేదంటారు, ఒకరు చదువుకోడానికి మూల లేదంటారు, ఒకరు వంటింట్లో ఊపిరాడదంటారు. ఆ జవాబులు కాగితం మీద రాసుకుని, డబ్బులున్నంత మేరకు ఒక్కొక్కటీ తీర్చండి. డబ్బులు మిగిలితే లైట్లు పెట్టుకోండి, నీలం రంగువే పెట్టుకోండి, నేనేమీ అనను.