ఏరిన వస్తువులు - ఏర్పడు శైలి

రచనయందు గాని, చిత్రలేఖనమునందు గాని కొంత చేయి తిరిగిన విద్యార్థులు ఉపాధ్యాయులను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: నాకు నాదైన శైలి ఎట్లు వచ్చును? దీనికి మనము సాధారణముగా రెండు సమాధానములు చెప్పుచుందుము. మహాకవులను చదువుమనుట ఒకటి. నీ హృదయమును నీవే తరచి చూచుకొనుమనుట రెండవది. రెండును మంచి మాటలే. కాని మొదటిదానిని నమ్ముకొన్నవాడు పెక్కుసారులు అనుకరణలో చిక్కుకొనును. రెండవదానిని నమ్ముకొన్నవాడు ఎంత తరచినను ఏమియు చేతికి దొరకక దిగులు చెందును. పదునాలుగేండ్ల బాలుని హృదయములో తరచి తీయదగినంత నిలువ ఎక్కడ నుండి వచ్చును? అతని రేకుపెట్టెలో మాత్రము చాల ఉండును. గోళీలు, నెమలి ఈకలు, ఏటి ఇసుకలో ఏరిన గులకరాళ్ళు, చెల్లని నాణెములు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు, శుభలేఖల నుండి కత్తిరించిన వినాయకులు. శైలిని వెదకవలసిన చోట్లలో ఆ పెట్టె మొదటిదని మా అభిప్రాయము.

ఇది చమత్కారమునకు అన్న మాట కాదు. ఆ వస్తువులను ఏరుకొమ్మని వానికి ఎవరును చెప్పలేదు. ఏరినందుకు మార్కులు రాలేదు. పైగా ఇంటిలో చీవాట్లు తిని యుండును. ఒడ్డున వేయి రాళ్ళుండగా చేయి ఒకదానినే ఎత్తుకొన్నదన్నచో అందులో ఎన్నిక ఉన్నది. మన ఆలంకారికులలో వామనుడు రీతిని కావ్యమునకు ఆత్మగా భావించి, విశిష్టమైన పదముల కూర్పునకు ఆ పేరు పెట్టినాడు. కూర్పునకు ముందు ఎన్నిక ఉండవలయును గదా. ఆ ఎన్నిక మాటలలో బయటపడక ముందే వస్తువులలో బయటపడుచుండును.

చండీగఢ్ నగరములో నేక్‌చంద్ చేసిన పని ఇందుకు చక్కని నిదర్శనము. 1924లో జన్మించిన ఆయన దేశవిభజన కాలమున, ఇప్పుడు పాకిస్తాన్‌లో చేరిన తన స్వగ్రామమును వదలి వచ్చినవాడు. చండీగఢ్‌లో ప్రజాపనుల శాఖయందు రోడ్డు ఇన్‌స్పెక్టరుగా పనిచేసినాడు. ఏ చిత్రకళాశాలలోను చదువలేదు. కొత్త నగరము కొరకు పాత గ్రామములను పడగొట్టిన రోజులవి. 1957 ప్రాంతము నుండి ఆయన కచేరీ పని ముగిసిన తరువాత సైకిలు మీద పోయి, శివాలిక్ కొండల దిగువ వాగులలో మనిషివలెనో పక్షివలెనో కనిపించు రాళ్ళను ఏరి తెచ్చెడివాడు. కట్టడములు కూడదని ప్రభుత్వము నిషేధించిన అడవి భూమిలో వానిని రహస్యముగా నిలిపెడివాడు. తరువాత ఆ రాళ్ళకు కూల్చిన ఇండ్ల శిథిలములు తోడైనవి. పగిలిన పింగాణీ, విరిగిన గాజులు తోడైనవి.

ఇందులో గమనింపదగినది క్రమము. మొదట ఆయన రాళ్ళను నిలిపినాడు, అంతే. వానిలో తానేమి చూచుచున్నాడో తనకు తెలిసిన పిదపనే సిమెంటుతో స్వయముగా బొమ్మలు చేయ మొదలిడినాడు. ఆ బొమ్మలకు విరిగిన గాజుముక్కలే వస్త్రము. వరుసలు వరుసలుగా నిలిచిన నర్తకులు, జంతువులు, నీళ్ళు మోయు స్త్రీలు. ఒకరి ముఖము ఒకరిని పోలియుండియు పోలకుండును. 1970 దశకము నడుమ అధికారుల కంట పడునాటికి ఆ రాజ్యము పది ఎకరములకు మించి వ్యాపించినది. పడగొట్టుదురేమో అనుకొన్నదానిని 1976లో రాక్ గార్డెన్ అను పేరుతో ప్రజలకు తెరచిరి. 2015లో ఆయన కన్నుమూసినాడు. ఊరు పోగొట్టుకొన్నవాడు పోయిన ఊళ్ళ పెంకులను ఏరినాడనుట మా ఊహ మాత్రమే. కాని ఆ బొమ్మలను చూచువారికి ఆ ఊహ రాక మానదు.

సేకరణ ఎక్కువగుట వలన కూడ ఒక మేలు, ఒక కీడు కలవు. రెండింటికిని హాలండు చిత్రకారుడు రెంబ్రాంట్ (1606-1669) సాక్షి. ఆయన 1639లో ఆంస్టర్‌డాం నగరమున గొప్ప ఇల్లు కొని, దానిని వింత వస్తువులతో నింపినాడు. అప్పుల పాలై 1656లో దివాలా తీసినప్పుడు అధికారులు గదిగదికి తిరిగి పట్టిక వ్రాసిరి. అందు 363 పద్దులున్నవి. శంఖములు, శిరస్త్రాణములు, ఆయుధములు, రోము చక్రవర్తుల శిరస్సులు, ఇటలీ ముద్రాచిత్రముల సంపుటములు! సంసారపక్షముగా చూచినచో ఇది తెలివిగల పని కాదు. కాని ఆయన పురాణపురుషుల తలపాగాలలో, కవచముల మీది మెరుపులో ఆ గదుల సామాను కనిపించుచునే యుండును. 1650లో ఒక్క శంఖమును మాత్రమే రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసినాడు. అచ్చులో కుడి ఎడమ తారుమారగునని సంతకమును తిరుగవేసి చెక్కినాడు గాని శంఖమును చూచినది చూచినట్లే చెక్కినాడు. అందుచేత కాగితము మీద దాని చుట్టు వెనుకకు తిరిగినది. అయినను ఆ చిత్రమును చూచువారికి కంటబడునది చుట్టు కాదు. చీకటిలో నుండి శంఖము వెలుగులోనికి వచ్చు తీరు. మన మొగలు చిత్తరువులను చూచి ఆయన గీసిన రేఖాచిత్రములు ఇరువదికి పైగా నిలిచియున్నవి. హాలండు ఎల్ల దాటని మనిషి షాజహానును గీసినాడు! మూలములోని బంగారమును, పూల అంచులను వదలి, గోధుమవన్నె సిరాతో మనిషి నిలిచిన తీరును పట్టినాడు. తెచ్చుకొన్న వస్తువు నుండి దేనిని వదలివేసినాడో చూడుడు. రెంబ్రాంట్ అక్కడ దొరకును.

ఇంత సంపద అక్కరలేదనుటకు ఇటలీ చిత్రకారుడు జార్జియో మొరాండీ (1890-1964) చాలును. ఈయన కథ మన ఉపాధ్యాయులు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1914 నుండి 1929 వరకు బొలోన్యా నగరమున ప్రాథమిక పాఠశాలలలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసినాడు. సీసాలు, కూజాలు, రేకు డబ్బాలు ఆయన ఆస్తి. గాజు మెరుపు కంటికి అడ్డు తగులుచున్నదని కొన్ని సీసాలకు రంగు పూసినాడు. వాని మీద పేరుకొన్న దుమ్మును దులుపక అట్లే ఉంచినాడు. ఇంటిలో ముగ్గురు అక్కచెల్లెండ్రుండగా ఆ దుమ్మును ఎట్లు కాపాడుకొన్నాడో కాని, జీవితమంతయు ఆ కొద్ది వస్తువులనే జరిపి జరిపి చిత్రించినాడు. ఒక సీసా అంగుళము జరిగినచో ఆయనకు కొత్త చిత్రము.

జరుపుట అన్నచో మన ఇండ్లలోని బొమ్మల కొలువు జ్ఞప్తికి వచ్చును. సంక్రాంతికి, కొన్ని ప్రాంతములలో దసరాకు, ఆడపిల్లలు మెట్లు కట్టి బొమ్మలు పేర్చుదురు. తెల్లపొణికితో చేసిన కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రకు లక్క పట్టించిన ఏటికొప్పాక బొమ్మలు అన్ని ఇండ్లలోను ఇంచుమించు ఒక్కటే. అయినను ఒక ఇంటి కొలువు మరొక ఇంటి కొలువువలె ఉండదు. దశావతారములను క్రమము తప్పకుండ నిలుపు పిల్ల ఒకతె. అవతారములను వెనుకకు నెట్టి ముందు మెట్టు మీద సంతను, బావిని, పొలమును అమర్చు పిల్ల మరొకతె. రెండవ పిల్ల రేపు కథ వ్రాసినచో ఆ కథలో సంత ఉండును. మనము పేరంటమునకు పోయి శనగలు తీసికొని వచ్చుచున్నాము గాని ఆ మెట్లను చదువుట లేదు. వంగదేశమున జామినీ రాయ్ (1887-1972) పాశ్చాత్య పద్ధతిలో చిత్తరువులు వ్రాసి పేరు పొందిన తరువాత, ఇట్టి పల్లెబొమ్మలను, కాళీఘాట్ పటములను చూచియే తన దారి మార్చుకొన్నాడని మరువరాదు.

కూడబెట్టుట వేరు. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగు సేకరించిన అపార వస్తుజాలము 1951 నుండి ప్రదర్శనశాలయై మనకందరకు ఉపకరించుచున్నది. అది గొప్ప దానము. కాని ఇక్కడ మేము చెప్పుచున్న సేకరణకు ధనముతో పని లేదు. సంఖ్య పెరిగినకొలది చూపు చెదరు ప్రమాదము కూడ కలదు.

సాహిత్య విద్యార్థికి వస్తువులతో పాటు మాటలును సేకరింపదగిన వస్తువులే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888-1950) తాళపత్రముల నుండియు, జనుల నోళ్ళ నుండియు చాటుపద్యములను ఏరి చాటుపద్య మణిమంజరిగా కూర్చిరి. మహాకావ్యములను విడిచి, ఎవరును లెక్కచేయని ఆ చిన్న పద్యములవైపు ఆయన చేయి ఏల పోయినది? ఆయన వచనమును చదివినవారికి తెలియును. చిన్న కథ, చురుకైన మాట, నడుమ ఒక చిరునవ్వు: సేకరణలో ఉన్న రుచియే ఆ వచనములోను ఉన్నది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశమును వ్యవసాయ పదములతోనే ప్రారంభించినది. నేతగాండ్ర ఊరిలోని పిల్లవాడు పడుగు, పేక, నాడె అను మాటలను వాడినవారి నోటి నుండియే విని వ్రాసికొన్నచో, వాని వ్యాసములో ఉపమానములు అరువు తెచ్చుకొనవలసిన పని ఉండదు.

నేటి పాఠశాలలలో జరుగుచున్నది ఇందుకు విరుద్ధముగా ఉన్నది. ప్రాజెక్టు పని అని చెప్పుదుము. పిల్లవాడు అంగడికి పోయి బొమ్మలు అచ్చు వేసిన చార్టు కొనును, కత్తిరించి అంటించును. నలుబది మంది నోటుపుస్తకములలో అవే పక్షులు, అవే పండ్లు, అవే దేశనాయకులు. శుభ్రముగా అంటించినవానికి ఎక్కువ మార్కులు. అదే పిల్లవాని జేబులో గవ్వ కనపడినచో కిటికీలో నుండి పారవేయింతుము. కొనుక్కొన్నది చదువు, ఏరుకొన్నది చెత్త అని పిల్లవాడు నేర్చుకొనుటకు ఇంతకన్న మంచి పాఠము లేదు. తరువాత పదవ తరగతిలో వాని వ్యాసము గైడు పుస్తకమువలె ఉన్నదని మనమే విసుగుకొందుము.

ఉపాధ్యాయులు ఒక శనివారము కడపటి పీరియడును దీనికి ఇచ్చి చూడవచ్చును. ఇంటి నుండి పది వస్తువులు తెమ్మనుడు, కొన్నవి కూడదు. వచ్చిన పదిలో ఏడింటిని పక్కన పెట్టుమనుడు. కష్టమంతయు అక్కడనే ఉన్నది. పిల్లలు పోట్లాడుదురు, బ్రతిమాలుదురు, ఒకరిద్దరు ఏడ్చినను ఆశ్చర్యము లేదు. ఏల ఉంచినావు, ఏల తీసినావు అని వెంటనే అడుగరాదు. అడిగినచో మనము మెచ్చు కారణమును కల్పించి చెప్పుదురు. మిగిలిన మూడింటిని చూచి గీయుమనుడు, లేదా వానిని గురించి పది వాక్యములు వ్రాయుమనుడు. మూడు నెలల తరువాత మరల పది తెమ్మని, రెండు సారులు మిగిలిన వస్తువులను పక్కపక్కన పెట్టి ఆ విద్యార్థినే చూచుకొననీయుడు. ఒకనికి రెండు సారులును విరిగిన వస్తువులే మిగులవచ్చును. వానికి చిత్రలేఖనపు తరగతిలో నిండుకుండకు బదులు ఓటికుండను గీయుటకు అనుమతి ఇయ్యవలయును. మరొకతెకు రంగు ఏదైనను గరుకు వస్తువులే నచ్చుచుండవచ్చును; ఆమె చేతికి నున్నని కాగితమును, సన్నని కుంచెను ఇచ్చి తప్పులెన్నుట తగదు. ఈ పనికి మాత్రము మార్కులు వేయకుండుట మేలు. వేసినచో మరుసటి వారమునకు అంగళ్ళలో పది వస్తువుల పొట్లములు అమ్మకమునకు వచ్చును.