కుజదోషం ఎవరికి?

1962 ఫిబ్రవరి మొదటివారంలో సూర్యచంద్రులు, ఐదు గ్రహాలు, కేతువు మకరరాశిలో కూడాయని, లోకం అంతమవుతుందని దేశంలో ఎందరో వణికారు. ఊరూరా హోమాలు జరిగాయి. తమాషా ఏమిటంటే, సూర్యుని వెలుగులో మునిగిన ఆ అష్టగ్రహ కూటమి మామూలు కంటికి దొరకనేలేదు! 2020 డిసెంబరు 21న గురు, శని గ్రహాలు దాదాపు ఒకే చుక్కలా కనిపించాయి. నిజానికి వాటి మధ్య దూరం 70 కోట్ల కిలోమీటర్ల పైమాటే.

కృత్తికను, మృగశీర్షను, నక్షత్రరాశులను నడిపించేది నీవా అని దేవుడు యోబును నిలదీశాడు (యోబు 38:31-32). ఆకాశ సూచనలకు జడియవద్దని యిర్మీయా చేత చెప్పించాడు (యిర్మీయా 10:2).

మరి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో బాప్తిస్మం పొందిన ఆడబిడ్డకు కూడా కుజదోషమని సంబంధం తప్పిపోతే ఏమనాలి? కుజుణ్ణి చేసిన చేతులే ఆమెనూ చేశాయి కదా! సంఘపెద్దలారా, అలాంటి ఇల్లు మీ వీధిలో ఉంటే, ఈ ఆదివారం ఆరాధన కాగానే వెళ్లి ఆ తండ్రితో కాసేపు కూర్చోండి.