పేరు పెట్టి పిలవండి

మన ఖరగ్‌పూర్ ఖరిదా బజారులో ఒకతను కర్ర పట్టుకుని నడిచొస్తుంటే "అడుగో, కుంటోడొచ్చాడు" అంటాం. మనసు బాగోక మందులు వాడుతున్న కుర్రాడు కనిపిస్తే "ఎర్రోడు". కన్నవాళ్లు బారసాల చేసి పెట్టిన పేరును వీధి లాగేసుకుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికొచ్చిన మన పెద్దలు పిల్లలకు తెలుగు అందించారని గర్వపడతాం. ఈ తిట్లు కూడా ఆ పిల్లలకే అందుతున్నాయి. చాలనట్టు పక్కింటి హిందీ పాగల్‌నూ, బెంగాలీ పాగ్లానూ కలుపుకున్నాం.

అన్నిటికన్నా నీచమైనది "వీణ్ణి రాంచీ పంపాలి" అనే మాట. రాంచీ దగ్గర కాంకేలో 1918 నుంచి మానసిక వైద్యశాల ఉంది. అక్కడ జరిగేది వైద్యం. దాన్ని మనం తిట్టుగా మార్చాం. మానసిక వైద్యశాలలున్న విశాఖ చినవాల్తేరునూ, హైదరాబాదు ఎర్రగడ్డనూ తెలుగువాళ్లు చేసింది ఇదే. గుండె ఆపరేషనుకు కోల్‌కతా వెళ్లొచ్చినవాడు ఆ కబురు పదిమందికీ చెప్తాడు. మనసు బాగోక రాంచీ వెళ్లినవాడి భార్య మాత్రం "ఊరెళ్లారండీ" అంటుంది. ఆమె చేత ఆ అబద్ధం ఆడించింది మనమే. నెలల తరబడి నిద్ర పట్టని కుర్రాడు డాక్టరు గడప తొక్కకపోవడానికీ మన నోళ్లే కారణం.

"ప్రేమతో అంటాం కదా" అంటారు. పిచ్చితల్లీ అని పాపను ఎత్తుకునే అమ్మతో నాకు తగువు లేదు. జబ్బుపడ్డ మనిషి మొహాన విసిరే మాట వేరు. ఆ తేడా విసిరేవాడికి బాగా తెలుసు.

2018 ఫిబ్రవరి 1 నుంచి రైల్వే తన రాయితీ ఫారాల్లో 'వికలాంగ' తీసేసి 'దివ్యాంగ' పెట్టింది. నాకు ఆ మాటా మింగుడుపడదు. కాలు లేని మనిషి దివ్యత్వం అడగలేదు, ఎక్కడానికి ర్యాంపు అడిగాడు. అయినా ఒక ఫారం మారింది. మనం మారలేదు. వైకల్యం ఉన్న మనిషిని అవమానించాలనే నలుగురిలో తిడితే 2016 నాటి హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. మానసిక అనారోగ్యమూ ఆ చట్టంలో ఉంది. వైకల్యాన్ని ఎగతాళి చేసే మాటలు వద్దని 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమావాళ్లకు చెప్పింది. టీకొట్టు దగ్గర మనకు చెప్పడానికి ఏ కోర్టూ రాదు.

డిప్రెషన్ ఉంటే డిప్రెషన్ అనండి. కాలు లేకపోతే కాలు లేదనండి, అదీ అవసరమైతేనే. రేపు బజారులో అతను ఎదురైతే పేరు పెట్టి పిలవండి. తెలియకపోతే "అన్నా, నీ పేరేంటి?" అని అడగండి.