అన్నా, బ్లేడ్లు మూడేనా?

పోయిన టెక్ ఫెస్ట్‌లో హాబీ టేబుల్ మీద నేను చేసిన స్పిట్‌ఫైర్ మోడల్ పెట్టాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ అది. 1/72 స్కేలు కాబట్టి రెక్క చివర నుంచి చివరకి జానెడు కూడా ఉండదు. పక్కన కార్డు మీద "152 హైదరాబాద్ స్క్వాడ్రన్, బర్మా, 1944" అని రాశాను. నిజాం ఇచ్చిన విరాళం వల్ల ఆ రాయల్ ఎయిర్‌ఫోర్స్ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరొచ్చింది. బర్మాలో వాళ్ల విమానాల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. ఆ చిరుత స్టిక్కర్ చూసి అందరూ ఫొటోలు తీసుకున్నారు.

ఒక ఫస్టియర్ కుర్రాడు మాత్రం ఫోన్‌లో పాత ఫొటో తీసి, "అన్నా, ఇందులో ప్రొపెల్లర్‌కి నాలుగు బ్లేడ్లున్నాయి. మీ దానికి మూడేనా?" అన్నాడు.

దొరికిపోయాను. నా దగ్గరున్న కిట్ మార్క్ 5ది. బర్మాలో ఎగిరినవి మార్క్ 8లు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. "లైట్ తీస్కో మామా, ఎవడు చూస్తాడు?" అన్న రూమ్మేట్ మాట విని అంటించేశాను.

ఆ తేడా నిజంగా అంత చిన్నదా? 1941లో జర్మన్ల ఫోకెవుల్ఫ్ 190 వచ్చాక మార్క్ 5 వెనకబడిపోయింది. అప్పుడు రెండు దశల సూపర్‌చార్జర్ ఉన్న కొత్త మెర్లిన్ ఇంజిన్ పెట్టారు. గాలిని రెండుసార్లు నొక్కితే వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ కావాలి. మనం థర్మోలో చదివిందే. దాంతో ముక్కు పొడవైంది. ఆ పవర్‌ని వాడుకోవడానికి నాలుగో బ్లేడు వచ్చింది. మార్క్ 5 కింద కుడి రెక్కకి పెద్ద రేడియేటర్, ఎడమ రెక్కకి చిన్న ఆయిల్ కూలర్ ఉంటాయి. కొత్తవాటికి రెండు వైపులా పెద్దవే. అంటే బోర్లించి చూస్తే చాలు, ఇంజిన్ మారిందని తెలిసిపోతుంది.

ఈ ఇంజిన్ కోసం సరిగ్గా డిజైన్ చేసింది మార్క్ 8. అది తయారయ్యేదాకా ఆగే టైమ్ లేక, మార్క్ 5 బాడీకే కొత్త ఇంజిన్ బిగించి మార్క్ 9 అన్నారు. అందుకే 1942లో తొమ్మిదే ముందు యుద్ధానికి వెళ్లింది! ఈ రెండిటినీ విడదీయాలంటే తోక చక్రం చూడాలి: ఎనిమిదిలో లోపలికి ముడుచుకుంటుంది, తొమ్మిదిలో బయటే ఉంటుంది.

రివెట్లు లెక్కపెట్టి పక్కవాడి మోడల్‌ని వెక్కిరించేవాళ్లంటే నాకూ చిరాకే. సరదాగా గులాబీ రంగు వేసుకున్నా తప్పులేదు. కానీ ఊరు, సంవత్సరం, స్క్వాడ్రన్ పేరు రాసి పెట్టామంటే, అది నిజమని ఎదుటివాడికి చెప్తున్నట్టే. బొమ్మ మనిష్టం, కార్డు మనిష్టం కాదు. ల్యాబ్‌లో రీడింగ్ తీయకుండా సీనియర్ రికార్డులోంచి దించేటప్పుడు కూడా మనం అనుకునేది ఇదేగా, ఎవడు చూస్తాడని? చూసేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు. పైగా అంకెలు దించేసినవాడికి ఆ అంకె ఎందుకలా వచ్చిందో ఎప్పటికీ తెలీదు. నాకూ ఆ నాలుగో బ్లేడు ఎందుకొచ్చిందో ఆ కుర్రాడు అడిగాకే వెతకాలనిపించింది.

చూపుకీ ఒక హద్దుంది. మార్క్ 16 అంటే అమెరికాలో ప్యాకార్డ్ తయారుచేసిన మెర్లిన్ బిగించిన మార్క్ 9 లాంటిదే. బయట నుంచి చూసి రెండిటినీ విడదీయలేం, సీరియల్ నంబర్ కావాలి. అది లేకపోతే "9 లేదా 16" అని రాయడమే నిజాయితీ.

నా స్పిట్‌ఫైర్ ఇంకా షెల్ఫ్ మీదే ఉంది, చిరుత పీకలేదు. కార్డు మాత్రం మార్చాను: "విమానం మార్క్ 5. చిరుత మార్క్ 8ది. తప్పు నాది."