ధూళి చెప్పిన తీర్పు

సైన్సు ఇవాళ ఒక మాట చెబుతుంది, రేపు కాదంటుంది, మన పూర్వుల మాట మాత్రం నిలకడగా ఉన్నది అనే వాదం మన సాహిత్య సభలలో తరచుగా వినిపిస్తున్నది. ఇందుకు సాక్ష్యంగా కొందరు బైసెప్2 ఉదంతాన్ని చూపిస్తారు. ఆ ఉదంతాన్ని చివరిదాకా చదివితే అది సరిగా ఎదురు సాక్ష్యం చెబుతుంది.

విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్ళకు బయలుదేరిన వెలుగు చల్లబడి నేటికీ ఆకాశమంతటా వ్యాపించి ఉన్నది. దానిని కనుగొన్నట్లు పెంజియాస్, విల్సన్‌లు 1965లో ప్రకటించారు. అంతకు ఎంతో ముందు, తొలి క్షణంలోని అతి స్వల్ప భాగంలోనే, విశ్వం ఊహకందని వేగంతో ఉబ్బిందని 1980లో మాస్కోలో స్టారోబిన్‌స్కీ, 1981లో అమెరికాలో గూత్ ప్రతిపాదించారు. ఇదే ఇన్‌ఫ్లేషన్. అది నిజమైతే అప్పుడు లేచిన గురుత్వ తరంగాలు ఆ వెలుగు ధ్రువణంలో సుడి తిరిగిన ముద్ర వేసి ఉండాలి. దక్షిణ ధ్రువం దగ్గర పనిచేసిన బైసెప్2 బృందం ఆ ముద్ర దొరికిందని 2014 మార్చి 17న ప్రకటించింది. తరంగాల బలాన్ని తెలిపే నిష్పత్తి 0.2 అన్నది.

కాని మన పాలపుంతలోని ధూళి కూడా అటువంటి ముద్రే వేస్తుంది. 150 గిగాహెర్ట్జ్ దగ్గర మాత్రమే చూసిన పరికరానికి ఆ రెండింటి తేడా తెలియదు. ధూళి మరింతగా వెలిగే 353 గిగాహెర్ట్జ్ దగ్గర ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది. 2015 ఆరంభంలో రెండు బృందాలూ కలిసి లెక్కవేస్తే నిష్పత్తి 0.12కు లోపే అని తేలింది. ముద్ర దొరికిందనటానికి ఆధారం మిగలలేదు. 2021 నాటికి ఆ హద్దు 0.036కు దిగింది. ఇన్‌ఫ్లేషన్ నమూనాలలో సరళమైనవి కొన్ని దానితో కొట్టుకుపోయాయి. ఎర్రనీరు వచ్చినప్పుడు మన గోదావరి ఇళ్ళలో కుండకు చిల్లగింజ అరగదీసి, మడ్డి దిగిన తర్వాతనే నీళ్ళు తాగేవారు. శాస్త్రజ్ఞులు చేసిందీ ఆ పనే.

దిద్దింది ఎవరు? ఏ పీఠాధిపతీ కాదు, ఏ ప్రభుత్వమూ కాదు. ప్రకటించినవారే పోటీదారులతో కలిసి దిద్దుకున్నారు.

దీని పక్కన మరొక దృశ్యం పెట్టి చూడండి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన 106వ భారత సైన్సు కాంగ్రెసులో ఆనాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి, కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులనీ, రావణునికి 24 రకాల విమానాలు ఉండేవనీ సెలవిచ్చారు. మన గోదావరి కళాశాలలు దశాబ్దాల తరబడి అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయమది! ఏ కొలత ఎదురైతే ఆ మాటలు వదులుకుంటారు? అటువంటి కొలతే లేదు. పరీక్షకు కూర్చోని విద్యార్థి ఎన్నడూ తప్పడు; ఆ నిలకడ ఇటువంటిదే.

అయితే మన ఇంటి ధూళి సంగతి కూడా చెప్పుకోవాలి. కాలంలోనూ స్థలంలోనూ విశ్వానికి హద్దులున్నాయనే ఐన్‌స్టీన్ అనుయాయులపై 1947లో జ్దానోవ్ విరుచుకుపడ్డాడు. 1951లో పన్నెండవ పయస్ పోపు విశ్వానికి ఆరంభం ఉన్నదన్న సిద్ధాంతాన్ని సృష్టివాదానికి బలమని కౌగిలించుకున్నాడు. ఒకరు తోసిపుచ్చినా మరొకరు ఆదరించినా, కొలత రాకముందే తీర్పు చెప్పటంలో ఇద్దరూ ఒకటే. విశ్వారంభం అనగానే భావవాదమని ముద్ర వేసే మిత్రులు నేటికీ మనలో ఉన్నారు. భౌతికవాదం ప్రకృతికి ఉత్తర్వులు జారీచేసే కచేరీ కాదు. ప్రకృతి చెప్పినదాన్ని విని, అవసరమైతే తన మాటను దిద్దుకోగలగటమే దాని బలం.

ఇన్‌ఫ్లేషన్ నిలుస్తుందో కూలుతుందో రాబోయే కొలతలు తేలుస్తాయి. తేల్చవలసింది మనం కాదు. ఏమి కనబడితే నీ మాట వెనక్కు తీసుకుంటావు అనే ప్రశ్నను ప్రతి వేదిక మీదా, ప్రతి తరగతిలోనూ, మన సంఘ సమావేశాలలోనూ వేయటమే మన పని. జవాబు చెప్పలేనివాడు పాత గ్రంథం పట్టుకున్నా, ఎర్ర జెండా పట్టుకున్నా వాడు ఛాందసుడే.